కౌన్సెలర్ గదికి పంపడం శిక్ష కాదండీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రాథమిక పాఠశాలల్లో కౌన్సెలర్ల పని గురించి సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాను. చాలా ఉత్తరాలొచ్చాయి, అందులో సగం కోపంగా రాసినవే, అదీ మంచిదే. పేర్లు తీసేసి, పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు మార్చేసి, ఒకేలాంటివి కలిపేసి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. వాళ్ల స్కూల్లో ఈ ఏడాది కౌన్సెలర్‌ని పెట్టారు. మా పాపకైతే ఏ సమస్యా లేదు. అలాంటి పిల్లలే ఎక్కువమంది ఉన్నప్పుడు ఆవిడ ఏడాదంతా ఏం చేస్తారు? – ఒక తల్లి

జవాబు: చాలామంది మనసులో అనుకుని ఊరుకునే ప్రశ్న ఇది, మీరు అడిగేశారు. సమస్య వచ్చినప్పుడే కౌన్సెలర్‌కి పని అనుకుంటే నిజంగానే సగం రోజులు ఖాళీగా కూర్చోవాలి. పని అలా ఉండదు.

బడి తెరిచిన మొదటి నెల మాకు గదిలో కూర్చునే వీలే దొరకదు. పొద్దున గేటు దగ్గర, ఇంటర్వెల్‌లో ఆటస్థలంలో, మధ్యాహ్నం భోజనాల దగ్గర తిరుగుతూ ఉంటాం. ప్రతి సెక్షన్‌కీ వెళ్లి నేను ఫలానా, నా గది ఇక్కడుంది, నాతో మాట్లాడాలంటే ఇలా చెప్పండి అని పరిచయం చేసుకుంటాం. తలుపు బయట ఒక పెట్టె పెడతాం, పేరు రాసి చీటీ వేస్తే చాలు. రాయడం రాని చిన్నపిల్లల కోసం చీటీ మీద నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, కోపం ముఖం బొమ్మలుంటాయి, ఒకదాని చుట్టూ సున్నా గీసి వేసేస్తారు. (మొదట్లో వచ్చే చీటీల్లో ఎక్కువ భాగం "మీ గదిలో బొమ్మలున్నాయా" అని అడిగేవే. ఫరవాలేదు, దారి తెలిసింది కదా.)

తర్వాత అన్ని తరగతులకీ వంతులవారీగా అరగంట పాఠాలు మొదలవుతాయి. కోపం వస్తే ఏం చెయ్యాలి, సాయం ఎలా అడగాలి, ఇద్దరికీ ఒకే బంతి కావాలంటే ఎలా, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే నచ్చకపోతే ఏమనాలి, ఎవరికి చెప్పాలి... ఇవి మీ పాపకీ పనికొస్తాయి. సమస్య లేని పిల్లలకి కౌన్సెలర్ వల్ల దొరికేది ముఖ్యంగా ఇదే.

మొదటి పరీక్షలు దగ్గరపడేసరికి ఎవరికి ఇంకొంచెం ఆసరా కావాలో తెలిసిపోతుంది. కొత్త సెక్షన్‌లో ఒంటరిగా మిగిలిపోయింది ఎవరు, చదవడం రాక ఆ సంగతి దాచుకోవడానికి అల్లరి చేస్తున్నది ఎవరు, ఇలాంటివి టీచర్లు చెబుతారు. హాజరు పట్టీ కూడా చెబుతుంది, సోమవారాలు మాత్రమే మానేసే పిల్లాడి గురించి అది చెప్పినంత స్పష్టంగా మనుషులు చెప్పలేరు. ఒకేలాంటి ఇబ్బంది ఉన్న నలుగురైదుగురిని కలిపి వారానికోసారి చిన్న గ్రూపు నడుపుతాం, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటికీ సర్దుకోనివాళ్లతో విడిగా కూర్చుంటాం. మా చేతిలో పని కాదనిపిస్తే బయట నిపుణుల దగ్గరికి వెళ్లమని ఇంట్లోవాళ్లకి చెబుతాం.

పెద్ద సెలవులకు ముందు వారం గురించి ఒక మాట. పిల్లలంతా గంతులేస్తుంటారని అనుకుంటాం. ఇంట్లో రోజూ గొడవలుండే పిల్లలకి మాత్రం బడే స్థిమితంగా ఉండే చోటు, సెలవులంటే గుబులు. ఆ వారం కారణం లేకుండా ఏడ్చేవాళ్లనీ, ఉన్నట్టుండి కొట్లాటకు దిగేవాళ్లనీ కాస్త ఎక్కువగా కనిపెట్టి ఉంటాం. ఇక ఏడాది చివర్లో, పై బడికి వెళ్లిపోయే పిల్లల్ని దానికి సిద్ధం చెయ్యడం ఒక పని.

ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 250 మంది పిల్లలకి ఒక కౌన్సెలర్ ఉండాలని, ఆ కౌన్సెలర్ సమయంలో కనీసం 80 శాతం నేరుగానో పరోక్షంగానో పిల్లలకి పనికొచ్చే పనిలోనే గడవాలని అమెరికాలోని స్కూల్ కౌన్సెలర్ల సంఘం సిఫార్సు చేస్తుంది. అక్కడే సగటున ఒక్కో కౌన్సెలర్‌కి అంతకంటే ఎక్కువమంది పిల్లలున్నారు. కాబట్టి మీ స్కూల్ ఆవిడ ఖాళీగా ఉన్నారేమో అన్న బెంగ పెట్టుకోకండి.

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి. మూడు వారాలైంది, ఇప్పటికీ గేటు దగ్గర నా కాలు పట్టుకుని వదలడు. వాడు చూడకుండా వచ్చెయ్యమని మా ఆవిడ అంటుంది. నేను అరగంట కూర్చుని నచ్చజెప్పి వస్తాను. ఎవరిది కరెక్ట్? – ఒక తండ్రి

జవాబు: ఇద్దరిదీ కాదు, ఏమీ అనుకోకండి. చెప్పకుండా మాయమైపోతే వాడికి అర్థమయ్యేది ఒకటే, నేను అటు తిరిగితే నాన్న ఉండడని. మర్నాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. అరగంట నచ్చజెబితే, ఏడిస్తే అరగంట దొరుకుతుందని తెలుసుకుంటాడు, పిల్లలు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్లు.

వీడ్కోలు పొట్టిగా, రోజూ ఒకేలా ఉండాలి. ఇంటి దగ్గరే చెప్పి పెట్టండి, గేటు దగ్గర ఒకసారి గట్టిగా హత్తుకుంటాను, నీ అరచేతిని నా అరచేతితో ఒకసారి తడతాను, "లాస్ట్ బెల్ కొట్టాక ఇదే గేటు దగ్గర ఉంటాను" అంటాను, వెళ్తాను అని. అలాగే చెయ్యండి, వెనక్కి తిరిగి చూడకండి, కిటికీలోంచి తొంగి చూడటం అసలే వద్దు. చెప్పిన టైముకి మాత్రం తప్పకుండా అక్కడుండాలి, మొదటి నెలలో ఒక్కరోజు ఆలస్యమైనా పడ్డ కష్టమంతా మళ్లీ మొదటికొస్తుంది.

మీ స్కూల్లో కౌన్సెలర్ ఉంటే ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. గేటు దగ్గర పిల్లాడిని అందుకునే మనిషి రోజూ ఒకరే ఉంటే సగం పని అయినట్టే. మేం "ఎందుకేడుస్తున్నావ్" అని అడగం, అడిగితే ఏడుపు పెరుగుతుంది. వాడికో పని ఇస్తాం. హాజరు పట్టీ ఆఫీసులో ఇచ్చిరావాలి, నాతో వస్తావా అంటే ముక్కు ఎగబీల్చుకుంటూనే బయల్దేరతారు. చేతిలో ఒక వస్తువూ మనసులో ఒక గమ్యమూ ఉంటే అడుగు పడుతుంది. జేబులో మీ రుమాలు పెట్టుకోనివ్వండి, అది కూడా పనికొస్తుంది.

మీరు వెళ్లాక ఎంతసేపు ఏడుస్తున్నాడో టీచర్ని అడగండి. పది నిమిషాల్లో ఆటలో పడిపోతుంటే మీరనుకున్నంత కష్టమేం లేదు, గేటు దగ్గరే కష్టం. అలా కాకుండా ఏడుపు నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, బడి ఉన్న రోజే కడుపునొప్పి వచ్చి సెలవు రోజు మాయమైపోతున్నా, రాత్రి ఒంటరిగా పడుకోవడానికీ భయపడుతున్నా గట్టిగా పట్టించుకోవాలి. కడుపునొప్పిని ముందు డాక్టర్‌కి చూపించండి, నాటకమని తేల్చెయ్యకండి, ఆందోళన వల్ల వచ్చే నొప్పి కూడా నొప్పే.

ఇంకోటి కూడా చూడాలి. వాడు మీకోసం ఏడుస్తున్నాడా, బడిలో ఉన్న దేనికో భయపడి ఏడుస్తున్నాడా? రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. చిన్న తరగతుల్లో మేం తరచూ వినే భయం ఒకటుంది, బాత్రూం గడియ. లోపల గడియ పడిపోయి ఇక రాలేనేమోనని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపుకుని కూర్చునే పిల్లలున్నారు. ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. మేం పిల్లాడితో కలిసి బడంతా ఒక చుట్టు తిరిగి, నీకిష్టమైన చోటు చూపించు, ఇష్టంలేని చోటు చూపించు అంటాం. బాత్రూం దగ్గరికొచ్చేసరికి కాళ్లు ఆగిపోతాయి. గడియ వేసి తీయడం నాలుగుసార్లు చేయించి, తలుపు దగ్గరగా వేసుకుంటే చాలు, బయట నేనుంటా అంటే గేటు దగ్గర ఏడుపు కూడా తగ్గిపోయిన సందర్భాలున్నాయి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి, ఇవాళ్టికి ఇంట్లో ఉండిపో అనడం. ఆ రోజుకి అందరికీ హాయిగానే ఉంటుంది, మర్నాడు పొద్దున తెలుస్తుంది.

ప్రశ్న: నేను రెండో తరగతి టీచర్‌ని. ఒక అబ్బాయి రోజూ ఎవరో ఒకరిని కొడతాడు. కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తే అక్కడ బంకమట్టితో బొమ్మలు చేసుకుని నవ్వుకుంటూ తిరిగొస్తాడు. మిగతా పిల్లలు "మమ్మల్నీ పంపండి మేడమ్" అంటున్నారు. ఇదేం కౌన్సెలింగ్? – ఒక టీచర్

జవాబు: మీ చిరాకు అర్థమైంది మేడమ్. నలభై మందిని కూర్చోబెట్టుకుని కొట్టినవాడినీ దెబ్బ తిన్నవాడినీ చూసుకోవాల్సింది మీరు, వాడేమో ఆడుకుని వస్తాడు. కానీ ఆ గదిలో జరిగేది ఒకసారి దగ్గర నుంచి చూడండి.

ఏడేళ్ల పిల్లాడిని కుర్చీలో కూర్చోబెట్టి ఎందుకు కొట్టావని అడిగితే "ఏమో" అంటాడు. మొండితనం కాదు, నిజంగానే తెలీదు. చేతిలో మట్టి పెట్టి పక్కనే మనమూ మట్టి పిసుకుతూ కూర్చుంటే కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, మాట దానంతటదే వస్తుంది. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ గీస్తాం, కింద సున్నా, పైన పది.

"కొట్టినప్పుడు కోపం ఎంత ఉంది?"
"పది."
"దానికి ముందు?"
"లైన్లో నన్ను తోశాడు."
"అప్పుడెంత?"
"ఆరు."
"ఆరు వచ్చిందని నీకెలా తెలిసింది?"

కాసేపు మట్టి పిసుకుతాడు. "చెవులు వేడెక్కాయి."

మాకు కావాల్సింది ఆ చెవుల మాటే. పది దగ్గర ఏ పిల్లాడూ ఆగలేడు, పెద్దవాళ్లమే ఆగలేం. ఆరు దగ్గర ఆగొచ్చు. చెవులు వేడెక్కగానే ఏం చెయ్యాలో ఇద్దరం కలిసి అనుకుంటాం, గోడకి రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నెట్టడం, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి నాలుగు లెక్కపెడుతూ వదలడం, బల్ల మీద ఎర్రకార్డు పెట్టి నీళ్ల కుళాయి దాకా వెళ్లొచ్చేందుకు మీ అనుమతి తీసుకోవడం. తర్వాత వారం ఇంకో ప్రశ్న వేస్తాం, ఈ వారంలో కొట్టకుండా ఉన్న రోజేది, ఆ రోజు ఏం చేశావు అని. అంకెలతో అడగడం, బాగా జరిగిన రోజు గురించి అడగడం, ఇవి స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు అమెరికాలోని మిల్వాకీలో తయారుచేసిన పద్ధతిలో భాగాలు. నాకు పిల్లలతో ఇంతకంటే అక్కరకొచ్చినవి లేవు. పోతే, మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెడితేనే అది కొంత చల్లబడుతుంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనలో, భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం, ఆందోళనలతో సంబంధమున్న అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గిందని తేలింది. అది పెద్దవాళ్ల మీద చేసిందే గానీ మా గదిలో రోజూ చూసేదీ అదే.

ఇప్పుడు మీ తప్పు కాదు గానీ, మీ స్కూల్లో మార్చాల్సింది ఒకటుంది. కొట్టిన వెంటనే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తున్నారు. దాంతో కొట్టడమే ఆ గదికి టికెట్ అయిపోయింది. టైము ముందే పెట్టుకోండి, మంగళవారం మూడో పీరియడ్‌లో ఇరవై నిమిషాలు అనుకుంటే ఆ వారం ఎవరినీ కొట్టకపోయినా వెళ్లాలి, కొట్టినా వెళ్లాలి. కొట్టినందుకు మీ క్లాసులో ఉన్న నియమం ఏదైతే ఉందో అది మీ క్లాసులోనే, మీ చేతుల మీదే జరగాలి, మేం శిక్ష వెయ్యం, శిక్ష తప్పించం కూడా. మిగతా పిల్లల సంగతంటారా, సెక్షన్ మొత్తాన్నీ ఒకసారి గదికి పిలిస్తే మోజు తీరిపోతుంది.

కౌన్సెలర్ మీకేమీ చెప్పకపోతే మాత్రం అడగండి. వాడు మాతో చెప్పుకున్న ఇంటి విషయాలు మేం మీకు చెప్పం. చెవులు వేడెక్కడం, ఎర్రకార్డు, లైన్లో వాడిని చివర కాకుండా మొదట నిలబెడితే మేలన్న సంగతి, ఇవి మీకు చెప్పి తీరాలి. అవి తెలియకపోతే ఆ ఇరవై నిమిషాలు చేసిందంతా ఆ గదిలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో మేమిద్దరం గొడవపడుతున్న మాట నిజమే. మా అమ్మాయి అదంతా స్కూల్లో కౌన్సెలర్‌కి చెప్పేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వాళ్లు ఎవరెవరికి చెబుతారు? – పేరు వద్దన్న ఒక తల్లి

జవాబు: చెప్పే ఉంటుందండీ. చెప్పనివ్వండి. ఇంటి గొడవ చూసిన పిల్లలు చాలామంది ఆ గొడవ తమవల్లే అనుకుంటారు, నేను హోంవర్క్ చెయ్యలేదు గనక నాన్న అరిచాడు, నాన్న అరిచాడు గనక అమ్మ ఏడ్చింది అని ఒక లెక్క కట్టేసుకుంటారు. ఆ లెక్క తప్పని ఎవరో ఒకరు చెప్పాలి, మీరిద్దరూ చెబితే ఇంకా మంచిది.

పిల్లలు చెప్పింది టీచర్లకి, పక్కింటివాళ్లకి, ప్రిన్సిపాల్‌కి చేరవేయడం మా పని కాదు. మొదటి రోజే పిల్లలకి వాళ్ల భాషలో చెబుతాం, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, మూడు సందర్భాల్లో తప్ప అని. నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిసినా, నిన్ను నువ్వు గాయపరచుకుంటావనిపించినా, నువ్వు ఇంకొకరికి హాని చేస్తావనిపించినా నేను ఊరుకోను, నిన్ను కాపాడగల పెద్దవాళ్లకి చెబుతాను, అదీ నీకు ముందే చెప్పి చేస్తాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసే కౌన్సెలర్‌ని నమ్మకండి. ఆ ఒట్టు నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా.

భార్యాభర్తల మాటామాటా ఆ మూడింట్లోకి రాదు. చెయ్యి చేసుకోవడం దాకా వెళ్తే, అది పిల్ల మీదైనా సరే, పిల్ల కళ్లముందు మీ మీదైనా సరే, వేరే సంగతి, అప్పుడు మేం నోరు మూసుకుని కూర్చోం. అలాంటిదే ఉంటే మీరే ముందుగా వచ్చి మాట్లాడండి.

ఇంటికొచ్చాక "ఇవాళ కౌన్సెలర్ ఏమడిగారు, నువ్వేం చెప్పావు" అని ఆరా తీయకండి, అది పిల్లకి రెండో టెన్షన్.

ప్రశ్న: మా రోజుల్లో ఇవేవీ లేవు. మేం బాగుపడలేదా? ప్రతిదానికీ కౌన్సెలింగ్ అంటూ పిల్లల్ని నాజూగ్గా తయారుచేస్తున్నారు. – ఒక తాతగారు

జవాబు: బాగుపడ్డారు తాతగారూ, కాదనను. మీతోపాటు ఒకటో తరగతిలో చేరి మూడో తరగతికల్లా కనబడకుండా పోయినవాళ్లు ఎంతమందో మాత్రం ఒకసారి గుర్తుచేసుకోండి. వాళ్లకి ఉత్తరం రాసే అవకాశం లేదు.

ఈ పని మరీ నిన్నమొన్నటిదేం కాదు లెండి. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకి ఉద్యోగం ఎంచుకోవడంలో సాయం చెయ్యడానికి ఒక కేంద్రం తెరిచారు, మా వృత్తి చరిత్ర అక్కణ్ణుంచి చెబుతారు. ఆ తర్వాత దీనికి పెద్ద ఊపు ఎక్కడి నుంచి వచ్చిందంటే నవ్వొస్తుంది, రాకెట్ నుంచి. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని ప్రయోగించేసరికి అమెరికా కంగారుపడి, సైన్సులో చురుకైన పిల్లల్ని గుర్తించాలని 1958లో ఒక చట్టం చేసింది, అందులో హైస్కూల్ కౌన్సెలర్లకీ డబ్బు కేటాయించింది. 1964లో దాన్ని ప్రాథమిక పాఠశాలలకి కూడా విస్తరించారు. చిన్నపిల్లల మనసు దాకా రావడానికి అంత చుట్టు తిరగాల్సి వచ్చింది.

నాజూకు సంగతి. కోపం వస్తే గోడ నెట్టి, పక్కవాడిని కొట్టకుండా తిరిగొచ్చిన పిల్లాడు నాజూకా, గట్టివాడా? మీరే తేల్చండి.

ప్రశ్న: నేను ఫోర్త్ క్లాస్. నా ఫ్రెండ్స్ ఇద్దరు నాతో మాట్లాడొద్దని అందరికీ చెప్పారు. నేను వెళ్తే లేచి వెళ్లిపోతారు. కౌన్సెలర్ మేడమ్‌కి చెబితే నన్ను చాడీలు చెప్పేదాన్నంటారు. ఏం చెయ్యాలి? – ఒక అమ్మాయి

జవాబు: ముందు ఒకటి చెప్పనీ తల్లీ, నువ్వు ఈ ఉత్తరం రాశావంటే అడగడం తెలిసిన పిల్లవి. అది చాలా పెద్ద పని.

చాడీ అంటే ఇంకొకళ్లకి తిట్లు పడాలని చెప్పేది. నువ్వు చెప్పాలనుకుంటున్నది నీ బాధ ఆగాలని. రెండూ ఒకటి కాదు, మేడమ్‌కి ఆ తేడా బాగా తెలుసు. డాన్ ఓల్వేయస్ అని స్కాండినేవియాలో ఒక పెద్దాయన ఇలాంటి వేధింపుల గురించి ఏళ్లతరబడి పరిశోధించారు. ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని చెయ్యడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, అవతలివాళ్లు ఎదురు తిరగలేనంత బలంగా ఉండటం. ఒకరోజు అలిగి మాట్లాడకపోతే అది మామూలు తగువు. అందరినీ నీతో మాట్లాడొద్దని కట్టడి చేసి, రోజూ అదే చేస్తుంటే మామూలు తగువు కాదు, పెద్దవాళ్లకి చెప్పాల్సిన విషయమే. కొట్టకపోయినా సరే.

చెప్పేటప్పుడు "వాళ్లు చెడ్డవాళ్లు" అనకు, జరిగింది జరిగినట్టు చెప్పు. ఏ రోజు, ఎక్కడ, ఎవరేమన్నారు, అప్పుడు చుట్టూ ఎవరున్నారు. నోటితో చెప్పలేకపోతే ఈ ఉత్తరంలాగే రాసి ఇవ్వు. మేడమ్ నిన్నూ వాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి సారీలు చెప్పించకూడదు, అలా చేస్తామంటే నాకు ఇష్టం లేదని నువ్వు చెప్పొచ్చు. ముందు నీతో విడిగా, తర్వాత వాళ్లతో విడిగా మాట్లాడాలి. ఈలోపు ఇంటర్వెల్‌లో నీ పక్కన కూర్చునేవాళ్లు ఎవరో ఒకరు ఉండేలా కూడా చూడమని అడుగు. మీ క్లాసులో ఇంకో అమ్మాయి కూడా ఒక్కతే కూర్చుంటూ ఉంటుంది చూడు, ఆ అమ్మాయి పేరేంటి?

అమ్మకి కూడా చెప్పు. ఇవాళే.

ప్రశ్న: కౌన్సెలర్ మా అబ్బాయికి ఏకాగ్రత తక్కువ, పరీక్ష చేయించండి అన్నారు. అంటే జబ్బా? ఇది వాడి రికార్డులో ఎక్కుతుందా?

జవాబు: కౌన్సెలర్ జబ్బు పేరు చెప్పరు, చెప్పకూడదు. గమనించింది చెబుతారు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకు ఉండే సమస్య) లాంటిది తేల్చాలంటే లక్షణాలు ఆరు నెలలకి పైగా, బడిలో ఒక్కచోటే కాకుండా ఇంట్లోనో ఇంకోచోటో కూడా కనబడాలి, అదీ అర్హత ఉన్న నిపుణులే తేల్చాలి. చెవి సరిగా వినబడకపోయినా, బోర్డు కనబడకపోయినా, నిద్ర చాలకపోయినా ఏకాగ్రత లేనట్టే కనబడుతుంది, కాబట్టి ముందు కళ్లూ చెవులూ చూపించండి. కౌన్సెలర్ రాసుకునే నోట్స్ సాధారణంగా మార్కుల రిజిస్టర్‌తో కలిపి ఉండవు. ఎక్కడ పెడతారు, ఎవరు చూడొచ్చు అని మీ స్కూల్లో నేరుగా అడగండి, అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా అన్నయ్య చనిపోయాడు. వాళ్ల పాప ఎనిమిదేళ్లది, వచ్చే వారం మళ్లీ బడికి వెళ్లాలి. స్కూల్లో ఏం చెప్పాలి? ఆ మాటే ఎత్తొద్దని టీచర్లకి చెప్పమంటారా? – ఒక బాబాయి

జవాబు: మీకు కలిగిన కష్టం పెద్దది. అలాంటి సమయంలోనూ పాప గురించి ఆలోచించి రాశారు.

ఆ మాట ఎత్తొద్దని చెప్పకండి. అందరూ తెలిసీ తెలియనట్టు ఉంటే, ఇది మాట్లాడకూడని విషయం కాబోలనుకుని పాప ఒక్కతే మోస్తుంది. బడికి వెళ్లే ముందురోజు కౌన్సెలర్‌తో, క్లాస్ టీచర్‌తో కూర్చోండి. పాపకి ఏం చెప్పారో అదే వాళ్లకీ చెప్పండి, ఇంట్లో ఒక మాట బడిలో ఇంకో మాట అయితే ఏది నమ్మాలో తెలీదు. నిద్రపోయాడు, ఊరెళ్లాడు లాంటివి వద్దు. అలా విన్న పిల్లలు పడుకోవడానికీ, ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతేనూ హడలిపోతారు. చనిపోయారు, ఇక తిరిగి రారు, ఇది నీవల్ల జరగలేదు, నిన్ను చూసుకోవడానికి ఫలానావాళ్లం ఉన్నాం, ఈ నాలుగూ చాలు. మళ్లీ మళ్లీ అడుగుతుంది, మళ్లీ మళ్లీ అవే చెప్పండి.

క్లాసులో పిల్లలకి ముందుగా చెప్పొచ్చా అని పాపనే అడగమని కౌన్సెలర్‌ని కోరండి. చాలామంది పిల్లలు చెప్పెయ్యండి అనే అంటారు, పదిమందికి పదిసార్లు తనే చెప్పుకోనక్కర్లేదు కదా. పాప రాకముందే కౌన్సెలర్ క్లాసుకి వెళ్లి చెబుతారు, ఏమని పలకరించాలో, ఏమేం అడగకూడదో కూడా. మధ్యలో ఏడుపొస్తే చెయ్యెత్తి అడగాల్సిన పని లేకుండా బల్ల మీద ఒక కార్డు పెట్టి బయటికి రావచ్చని, ఎక్కడికి రావాలో, అక్కడ ఎవరుంటారో ముందే అనుకుంటారు.

పాప మొదటి రోజే ఆటలో పడి నవ్వితే మీరు కంగారుపడకండి, మర్చిపోయిందని కాదు. పిల్లలు దుఃఖాన్ని ఒక్కబిగిన మొయ్యలేరు, కాసేపు ఏడ్చి కాసేపు ఆడుకుంటారు. రెండు మూడు నెలల తర్వాత, అందరూ సర్దుకుందనుకున్నాక చదువులో వెనకబడటం, చిన్నదానికే కోపం రావచ్చు. అందుకే మేం క్యాలెండర్‌లో కొన్ని తేదీలు రాసి పెట్టుకుంటాం, నాన్న పుట్టినరోజు, పాప పుట్టినరోజు, ఏడాది తిరిగే రోజు, నాన్నలు వచ్చే స్కూల్ కార్యక్రమం. ఆ తేదీలు మీరే రాసి ఇవ్వండి.

ప్రశ్న: నేను కొత్తగా చేరిన స్కూల్ కౌన్సెలర్‌ని. రోజుకి మూడు సబ్‌స్టిట్యూషన్లు (రాని టీచర్ల బదులు క్లాసులు), పరీక్షల డ్యూటీ, బస్ డ్యూటీ వేస్తున్నారు. గది తాళం తీసే టైమే లేదు. – ఒక కౌన్సెలర్

జవాబు: ఇది మనందరి కథ. పోట్లాడితే టీచర్లే మనకి దూరమవుతారు, వాళ్లూ అంత పనీ చేస్తున్నారు కదా. రెండు వారాలపాటు ఏ గంట దేనికి పోయిందో రాసి పెట్టండి, వ్యాఖ్యానం ఏమీ వద్దు. ఆ కాగితం ప్రిన్సిపాల్ ముందు పెట్టి, ఏడాది మొత్తానికి మీరనుకున్న పని పట్టిక పక్కన పెట్టండి, ఏ నెలలో ఏ తరగతికి ఏ పాఠం, ఏ గ్రూపు ఎన్ని వారాలు. "నాకు టైము లేదు" అంటే ఎవరూ వినరు, "మూడో తరగతి గ్రూపు మానేద్దామా, బస్ డ్యూటీ మానేద్దామా" అంటే ఆలోచిస్తారు. బస్ డ్యూటీ పూర్తిగా వదులుకోమని మాత్రం నేననను, పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటున్నారో, ఎవరు ఒంటరిగా ఎక్కుతున్నారో అంత బాగా తెలిసే చోటు ఇంకోటి లేదు. సబ్‌స్టిట్యూషన్ పడితే ఆ పీరియడ్‌లో మీ పాఠమే చెప్పేసెయ్యండి, ఎలాగూ ఆ క్లాసుకి వెళ్లాల్సిందే కదా.

అత్యవసరాలకి రోజూ ఒక పీరియడ్ ఖాళీగా ఉంచుకోండి, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మీ మాటలు చెప్పుకోవడానికి ఇంకో కౌన్సెలర్‌నో సీనియర్‌నో చూసుకోండి, పిల్లల పేర్లు చెప్పకుండానే మాట్లాడొచ్చు.

ఏడాది చివర్లో గ్రూపుల్ని ఉన్నట్టుండి ఆపెయ్యకండి, ఇంకా మూడుసార్లు కలుస్తాం, ఇంకా రెండుసార్లు అని లెక్క చెబుతూ రండి, మధ్యలో ఎవరో ఒకరు వదిలేసి వెళ్లిన అనుభవం ఉన్న పిల్లలే మీ దగ్గర ఎక్కువ. వచ్చే ఏడాది టీచర్‌కి చీటీ ఇచ్చేటప్పుడు "కోపిష్టి, కొడతాడు" అని రాస్తే ఆ పిల్లాడు కొత్త క్లాసులో అడుగు పెట్టకముందే ఓడిపోయినట్టు. "లైన్లో మొదట నిలబెట్టండి, చెవులు ఎర్రబడితే నీళ్లకి పంపండి, లెక్కల్లో చురుకు" అని రాయండి, టీచర్‌కి కావాల్సింది కూడా అదే.